గంగులమ్మ పాటకు బాస్ గొంతు

పాట మూడో చరణంలోకి రాగానే మైకులు మూగబోయాయి.

అది నవంబరు ఇరవై ఆరు, రాజ్యాంగ దినోత్సవం. మదనపల్లెలో ఒక స్కూలు గ్రౌండులో స్టేజి మీద ముప్పై మంది నాలుగు వరసల్లో నిలబడి పాడుతున్నారు. ఆ బృందం పేరు 'సమస్వరం'. చర్చిలో పాడే నర్సులు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఇద్దరు టైలర్లు, టమాటా మండీలో కాయలు ఏరే ఆడవాళ్లు... పాడాలని ఉన్న ఎవరైనా అందులో చేరొచ్చు. వాళ్లు పాడేవన్నీ హక్కుల పాటలే. టికెట్టు ఒక కిలో బియ్యం. ఏ ఊళ్లో కచేరీ చేస్తే ఆ ఊళ్లో అన్నం పెట్టేవాళ్లకు ఆ బియ్యం ఇచ్చి వస్తారు. ఈసారి బియ్యం కాంతమ్మ వంటింటికి. తంబళ్లపల్లె వైపు నుంచి రోగుల వెంట వచ్చి ఆసుపత్రి వరండాల్లో పడుకునే వాళ్లకు ఆమె రెండు పూటలా వండి పెడుతుంది.

ముందు నిలబడి చేతులు ఆడిస్తూ అందరినీ నడిపిస్తున్న అమ్మాయి మెర్లిన్. వయసు ఇరవై ఏడు. పగలు ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. సాయంత్రం రాగం తీయిస్తుంది.

ఆగిపోయిన పాట గంగులమ్మది. చౌడేపల్లె దగ్గర పల్లెలో పుట్టి, మదనపల్లెలో ముప్పై ఏళ్లు వీధులు ఊడ్చి రిటైరైన మనిషి. ఆమె చిన్నప్పుడు వాళ్ల పేట వాళ్లు పెద్ద వీధిలోకి రావాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. ఆ సంగతే ఆమె పాట కట్టింది.

*సెప్పులు సేతబట్టి నడిసిన వీధి,*
*ఈ పొద్దు కాళ్లకే తొడుక్కోని వస్తాండా.*
*తప్పుకో అన్నోళ్లారా, తప్పుకోను నేను,*
*తలకాయ పైకెత్తి నడుస్తాండా.*

సరిగ్గా 'తప్పుకోను' దగ్గర సౌండు పోయింది.

మెర్లిన్ వెనక్కి తిరిగి చూసింది. స్టేజి పక్కన టేబుల్ దగ్గర గళ్ల చొక్కా వేసుకున్న మైక్‌సెట్ కుర్రవాడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. వాడి వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.

"పాడండి. ఆగొద్దు!" అంది మెర్లిన్ బృందంతో.

ముప్పై గొంతులూ లేచాయి. వెనక కూర్చున్న వాళ్లు కుర్చీలు ఎత్తుకుని ముందుకొచ్చారు. పాట పూర్తయింది. చప్పట్లు ఆగకముందే మెర్లిన్ స్టేజి దిగింది.

"కరెంటు పోయిందా?"

"లేదు మేడమ్."

"ఫ్యూజు కొట్టేసిందా?"

"లేదు."

"మరి?"

"నేనే ఆపినా."

అబద్ధం చెప్పి తప్పించుకునే వీలున్నా చెప్పలేదు. ఆ సంగతి మెర్లిన్‌కు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"యాల ఆపినావు?"

"పుంగనూరు నుంచి రెడ్డెప్పన్న ఫోన్ చేసినాడు. నా షాపు ఆయన బిల్డింగులోనే ఉండాది. ఈడి నుంచి ఎవురో ఆయనకు వీడియో పంపించినారు. ఆయనదీ గంగులమ్మ వాళ్ల ఊరే. మా వీధిని తిట్టే పాటకు నువ్వు మైకు ఇస్తావా అన్నాడు."

"ఆ పాటలో ఒక్క తిట్టన్నా ఉండాదా? చెప్పు."

"లేదు."

"చూడప్పా. ఆయమ్మ యాభై ఏండ్లు ఆ మాట నోట్లోనే పెట్టుకుని తిరిగింది. ఈ పొద్దు నోరు తెరిచింది. నువ్వు ఒక్క వేలితో మూసేసినావు."

అతను ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. విసవిసా వెళ్లిపోయింది.

అతని పేరు ముద్దుకృష్ణ. ఆ మాట అతన్ని పుంగనూరు దాకా వెంటాడింది.

*

తర్వాతి శనివారం సాయంత్రం చర్చి వెనక హాల్లో ప్రాక్టీసు. బయట వాన దంచుతోంది. మెర్లిన్ నాన్న సైమన్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. 'సమస్వరం' మొదలుపెట్టింది ఆయనే. రిటైరైన స్కూలు మాస్టరు, పై స్థాయి మగ గొంతుల టెనర్ వరసకు పెద్ద దిక్కు.

తలుపు దగ్గర నిలువెల్లా తడిసిన మనిషి కనిపించాడు. గళ్ల చొక్కా.

"ఇంకా ఏం ఆపేదానికి వచ్చినావు? ఈడ స్విచ్చులు లేవు," అంది మెర్లిన్.

"సారీ చెప్పేదానికి వచ్చినా."

"నాకెందుకు? ఆయమ్మకు చెప్పు."

గంగులమ్మ మూలన కూర్చుని చెనక్కాయలు ఒలుచుకుంటోంది. ముద్దుకృష్ణ ఆమె ముందుకు వెళ్లి చేతులు కట్టుకుని చెప్పాడు. ఆమె సావకాశంగా విన్నది.

"సారీ నేనేం సేసుకునేది నాయనా? కూరలో ఏసుకునేదా? నా పాటకు కింది నుంచి పట్టే మొగ గొంతులు సాలలేదని సైమనయ్య మొత్తుకుంటా ఉండాడు. పో, ఆ వరసలో నిలబడు."

"నాకు పాట రాదమ్మా."

"నాకు సదువు రాదు. రాజ్యాంగం మీద పాడతా ఉండానా లేదా?"

అందరూ నవ్వారు. సైమన్ కీబోర్డు మీద అడుగు స్థాయిలో 'దో' స్వరం నొక్కి, "ఇది పట్టు బాబూ," అన్నాడు.

ముద్దుకృష్ణ కళ్లు మూసుకుని పట్టాడు. వదులుగా ఉన్న కిటికీ రెక్క గజగజలాడింది. వాన వల్లనో గొంతు వల్లనో ఎవరికీ తెలియలేదు.

కింది స్థాయి పాడే బాస్ వరసలో అంతవరకూ ఒంటరిగా నిలబడుతున్న ఆర్టీసీ కండక్టర్ ప్రకాష్ బాబు నోరు తెరిచాడు. "నేను బస్సులో రైట్ రైట్ అని అరిచినా ఇంత దూరం పోదప్పా! ఈ గొంతు పెట్టుకుని ఊరోళ్లకు మైకులు బాడుగకిస్తా ఉండావా?"

మెర్లిన్ నవ్వకూడదనుకుంది. కుదరలేదు. నవ్వు ఆపుకుంటూ గంభీరంగా అంది:

"గొంతు బాగుండాది. మనిషి సంగతి ఇంకా తెలీదు."

అప్పటి నుంచి పుంగనూరు షాపులో యాంప్లిఫయర్లు రిపేరు చేస్తూ ముద్దుకృష్ణ దో-రే-మీల సోల్ఫా నేర్చుకోవడం మొదలుపెట్టాడు. బాస్ భాగం ఫోన్లో రికార్డు చేసి మెర్లిన్‌కు పంపేవాడు. ల్యాబ్‌లో రక్తం సీసాల మధ్య నుంచి జవాబు వచ్చేది.

"ఫ్లాట్. శ్రుతి తగ్గింది."

"మళ్లీ."

"ఇది పాటనా, ఫ్రిజ్ శబ్దమా?"

"ఫ్రిజ్ కూడా రోజంతా నిలబడే పాడుతుంది మేడమ్. ఒకసారన్నా మెచ్చుకోండి," అని అతను రాశాడు.

పదకొండోసారి పంపినప్పుడు జవాబు ఒకే అక్షరం వచ్చింది. "ఊఁ."

ఆ ఒక్క 'ఊఁ' చూసుకుంటూ అతను సోల్డరింగ్ ఐరన్‌ను టేబుల్ మీద పెట్టి మరిచిపోయాడు. టేబుల్‌కు చిల్లు పడింది.

ఆ పై శనివారం ప్రాక్టీసు అయ్యాక వాన పట్టుకుంది. ఇద్దరూ బస్టాండు దగ్గర టీ కొట్టు రేకుల కింద ఇరుక్కుపోయారు. చేతిలో టీ పొగలు కక్కుతోంది. మెర్లిన్ జడ చివర నుంచి నీళ్లు ఒక్కో చుక్కా అతని మోచేతి మీద పడుతున్నాయి. అతను చెయ్యి తీయలేదు.

"రక్తం తీసేటప్పుడు కూడా ఇట్లే అరుస్తారా మేడమ్?"

"అరిచేది వాళ్లు. నేను సూది పెడతానంతే."

"నాకు సూదంటే చచ్చేంత భయం."

"తెలుసులే. నీకు ఫోనన్నా భయమే గదా."

అనేసిన తర్వాత ఆమెకే గట్టిగా తగిలింది. అతను గ్లాసులోకి చూశాడు.

"అవును, భయమే. ఆ భయం పోగొట్టుకునేదానికే పుంగనూరు నుంచి ఇంత దూరం వస్తాండాను," అన్నాడు.

మెర్లిన్ తల తిప్పి అతన్ని చూసింది. అతన్ని సరిగ్గా చూడడం అదే మొదటిసారి. వాన తగ్గింది. ఆ సంగతి ఇద్దరూ కొంచెం ఆలస్యంగా గమనించారు.

*

రెండో కచేరీ డిసెంబరు పదిన, మానవ హక్కుల రోజు, పుంగనూరులో. బియ్యం అక్కడి దివ్యాంగ పిల్లల బడికి. దానికి రెండు రోజుల ముందు రెడ్డెప్ప షాపుకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ముద్దూ, పాడుకో. ఎవురొద్దన్నారు? దేశభక్తి పాడుకోండి, క్రిస్మస్ పాటలు పాడుకోండి. ఆ సెప్పుల పాట ఒకటి వద్దు."

"యాల అన్నా?"

"ఇప్పుడు అందరం కలిసిమెలిసి ఉండాం. పాతది తవ్వుకునేది ఏం బాగుంటుంది?"

"కలిసిమెలిసి ఉంటే పాట ఇనేదానికి భయమెందుకన్నా?"

రెడ్డెప్ప మొహం మారింది. "మీ నాయన పోయినప్పుడు నిన్ను నిలబెట్టింది ఎవురురా?"

"నువ్వే. ఆ మర్యాదకే ఆ పొద్దు స్విచ్ ఆపినా. ఆపినాక నాకు మూడు రోజులు అన్నం సహించలేదు. ఇంకోసారి ఆపను."

"అయితే షాపు ఖాళీ చేయి. జాతరకు మైక్‌సెట్ పెట్టేదానికీ నువ్వు రానక్కరలేదు."

ముద్దుకృష్ణ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

కచేరీ నాడు రెడ్డెప్ప ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. గంగులమ్మ పాట వంతు వచ్చింది. ఆమె మొదలుపెట్టే ముందు బాస్ వరస ఒకటి నుంచి నాలుగు లెక్కపెట్టేంతసేపు కింది స్థాయిలో స్వరం పట్టాలి. మెర్లిన్ చెయ్యెత్తింది. ముద్దుకృష్ణ రెడ్డెప్ప కళ్లలోకే చూస్తూ పట్టాడు. ఆ గొంతు మీద కాలు మోపినట్టు గంగులమ్మ పాట లేచి నిలబడింది. 'తప్పుకోను నేను' దగ్గర రెడ్డెప్ప లేచి వెళ్లిపోయాడు. ఆయన వెంట ఓ పదిమంది లేచారు. మిగతా రెండొందల మంది కదలలేదు. వెనక నిలబడిన ఆడవాళ్లు తాళానికి చప్పట్లు అందుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ప్రకాష్ బాబు డ్యూటీ బస్సు పుంగనూరులో ఆగినప్పుడు, ముద్దుకృష్ణ షాపు ముందు రోడ్డు మీద స్పీకర్లు కనిపించాయి. వెంటనే మెర్లిన్‌కు ఫోన్ చేశాడు. ఆమె ల్యాబ్‌కు సెలవు పెట్టి తర్వాతి బస్సెక్కింది.

"యాల చెప్పలేదు?" వస్తూనే అడిగింది.

"చెప్తే పాట తీసేస్తారేమోనని."

"నేనా?"

"నువ్వు తీయవు. సైమన్ సార్ తీసేవాడు, నా మీద జాలితో."

"ఏంది, కొత్తగా 'నువ్వు' అంటాండావు?"

"షాపు పోయినోడికి మర్యాదలు యాడ గుర్తుంటాయి?"

ఆమె నవ్వి, ఒక స్పీకరు రెండు చేతులా ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే అతని అమ్మ సరోజమ్మ టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది.

"ఎవురు పాపా నువ్వు?"

"పాటల గుంపు అమ్మా."

"ఓహో! నా కొడుకు షాపును మింగిన పాట నీదేనా?"

"పాట గంగులమ్మది. నేను చేతులు ఆడిస్తానంతే," అంది మెర్లిన్, స్పీకరు బరువుకు రొప్పుతూ.

"ఆ ఆడించడంలోనే ఉండాది అంతా," అని సరోజమ్మ కొడుకు వైపు కొరకొరా చూసింది.

మధ్యాహ్నానికి బృందంలో సగం మంది వచ్చారు. సామానంతా ఒక ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. మదనపల్లెలో ప్రకాష్ బాబు చిన్నాన్న రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా ఉంటే అందులో దించారు. అక్కడే ముద్దుకృష్ణ కొత్త బోర్డు కట్టాడు.

*

ముద్దుకృష్ణ షాపు మదనపల్లెకు మారాక ఊరి నోళ్లు తెరుచుకున్నాయి. ల్యాబ్ వదిలే వేళకు అతని బండి రోడ్డు అవతల ఉంటుందని ఒకరు, ఆ అమ్మాయి కోసం మతం మారుతున్నాడని ఇంకొకరు. నిజానికి వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ప్రేమ మాట అనుకోనే లేదు. మాట్లాడుకున్నదంతా పాట గురించీ, టీ గురించీ, బస్సుల గురించే.

జనవరిలో ఒక ఆదివారం భోజనాల దగ్గర సైమన్ అడిగాడు.

"మెర్లిన్, నువ్వూ ఆ ముద్దుకృష్ణ..."

"ఆయన నాకేమీ చెప్పలేదు డాడీ. నేనూ చెప్పలేదు."

"చెప్పాలని ఉందా?"

ఆమె తినడం ఆపింది. "ఉండాది."

సైమన్ కంచం పక్కకు జరిపాడు. "అబ్బాయి మంచోడే. బాప్తిస్మం తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు."

"నేను అడగను."

"అడిగితే తప్పేముందమ్మా?"

"ఆయనే కోరుకుంటే వేరే సంగతి. నా కోసం మారమంటే మాత్రం అది షరతు. స్టేజి మీద మనం ఏం పాడతా ఉండాం డాడీ? ఎవరూ ఎవరి ముందూ తల వంచొద్దని గదా?"

"పాట వేరు, ఇల్లు వేరు!" సైమన్ గొంతు పెరిగింది. "నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. కుప్పం కచేరీకి నేను రాను."

అదే వారం రేకుల షెడ్డులో సరోజమ్మ కొడుకును నిలదీసింది.

"ఆ పిల్ల బొట్టు పెట్టుకుంటుందా? మన దేవుళ్లకు మొక్కుతుందా?"

"నేను అడగలేదమ్మా. అడగను."

"అట్లయితే నా గడప తొక్కొద్దని సెప్పు."

అతను మెర్లిన్‌తో ఆ మాట చెప్పలేదు. ఆమె కూడా తన నాన్న మాట చెప్పలేదు. ఆ శనివారం ప్రాక్టీసులో సైమన్ కుర్చీ ఖాళీగా ఉంటే, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు ముద్దుకృష్ణ.

గంగులమ్మ మాత్రం అనుకోవడంతో ఆగకుండా, మెర్లిన్‌ను అడిగి సంగతి తెలుసుకుంది. మర్నాడు పొద్దున్నే సైమన్ ఇంటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

"అయ్యా, మూడేండ్ల కిందట నన్ను నీ గుంపులోకి పిలిసినావు. నేను గంగమ్మకు మొక్కేదాన్నని నీకు తెలుసు. నన్ను మారమని అడగలేదే?"

"అది పాట కోసం గంగులమ్మా."

"నన్ను మనిషినని పిలిసినావు అనుకున్నా. గొంతు కోసం పిలిసినావా?"

ఆమె లేచి కొంగు దులుపుకుంది.

"రాకపోతే నీ ఇష్టం. కుప్పంలో నేను మాత్రం తలెత్తుకోనే పాడతా."

*

జనవరి ఇరవై ఆరు, సాయంత్రం ఐదింటికి కుప్పంలో ఒక కల్యాణ మండపం కిక్కిరిసిపోయింది. గేటు దగ్గర బియ్యం మూటలు నడుము ఎత్తు పేరుకున్నాయి. అవన్నీ గుడుపల్లెలో ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమానికి.

సరోజమ్మ రాకూడదనే అనుకుంది. తెల్లారి లేచేసరికి కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎలా పాడతాడో చూడాలనిపించింది. బస్సెక్కి, ఎవరికీ చెప్పకుండా వచ్చి, చివరి వరసలో కూర్చుంది. పక్క కుర్చీలో తెల్ల చొక్కా పెద్దాయన ఒకరు స్తంభం చాటుకు ఒదిగి కూర్చుని ఉన్నాడు.

"బాగా పాడతా ఉండారు గదన్నా," అంది ఆమె ఊరకుండలేక.

"ఆఁ. టెనర్ కొంచెం పలచగా ఉంది."

"అదేందో నాకు తెలీదు. ఆ చేతులాడించే పిల్ల ఉండాదే, ఆ పిల్లే మావోణ్ని ఆడిస్తాండాది."

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "మీవాడెవరమ్మా?"

"అదో, వెనక వరసలో పొడుగ్గా ఉండాడే, వాడే. నా కొడుకు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ పిల్ల నా కూతురు."

ఇద్దరూ ఒకరినొకరు కింది నుంచి పైదాకా చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి స్టేజి వైపు తిరిగిపోయారు.

అప్పుడే గంగులమ్మ పాట వంతు వచ్చింది. ఆమె ముందుకొచ్చింది. మెర్లిన్ చెయ్యెత్తబోతుండగా మధ్య వరసలో నుంచి ఒకడు లేచి అరిచాడు.

"హక్కులంటారు, సమానమంటారు! మైక్‌సెట్ ముద్దుకృష్ణకు మతం మార్చినారంట గదా! పాటల పేరుతో మీరు చేసేది ఇదేనా?"

హాలంతా గుసగుసలు. స్టేజి మీద ముప్పై మందీ బిగుసుకుపోయారు. ప్రకాష్ బాబు ఏదో అనబోతే మెర్లిన్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. నిదానంగా జనం వైపు తిరిగింది.

"మారలేదు," అంది. గొంతు కొంచెం వణికింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఆయన మారలేదు, నేనూ మారలేదు. మారమని ఒకర్నొకరం అడగం కూడా. ఆయన దేవుడు ఆయనకు, నా దేవుడు నాకు. ఆయనంటే నాకిష్టం. ఆయన ఒప్పుకుంటే రిజిస్ట్రారాఫీసులో నోటీసు పెట్టి పెండ్లి చేసుకుంటాను. నాకు చట్టం ఇచ్చిన హక్కు అది. నేను ఎవరినీ బతిమాలుకోను, ఎవరికీ దాచుకోను. ఇంకేమన్నా అడగాలా?"

గుసగుసలు ఆగాయి.

ఆ వెంటనే స్టేజి మీద వెనక వరస నుంచి ఒక బాస్ గొంతు మండపం చివరి దాకా వినిపించింది.

"ఏమన్నావు?"

జనం గొల్లున నవ్వారు. మెర్లిన్ మొహం మొత్తం ఎర్రబడింది. వెనక్కి తిరక్కుండానే అంది: "విన్నావు గదా!"

"విన్నా. నేనే ముందు చెప్పాలని నెలన్నర నుంచి ప్రాక్టీసు చేస్తాండాను. ఫ్లాట్ అంటావేమోనని ఆగినా."

"ఇప్పుడు చెప్పు."

"నాకూ ఇష్టమే. ఎప్పటి నుంచో."

లేచి నిలబడినవాడు వదల్లేదు. "ఇదేం కచేరీనా, సినిమానా? పెద్దోళ్లు లేరా వీళ్లకు?"

"ఉండాం!"

చివరి వరసలో సరోజమ్మ నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. "వాడి అమ్మను నేను. నా కొడుకు ఏ దేవుడికి మొక్కుతాడో నాకు తెలుసు. నువ్వెవురు నాకు సెప్పేదానికి? పొద్దున్నే బస్సెక్కి ఇంత దూరం వచ్చింది పాట ఇనేదానికి, నీ అరుపులు ఇనేదానికి కాదు. కూర్సో!"

వాడు కూర్చున్నాడు.

ముద్దుకృష్ణ నోరు తెరిచి అమ్మనే చూస్తున్నాడు. ఆమె అతని మీద కూడా గద్దించింది. "ఏం సూస్తాండావు? పాడు!"

నాలుగు లెక్కల బాస్ మొదలైంది. గంగులమ్మ గొంతు కలిపింది. రెండో చరణంలో టెనర్ రావాల్సిన చోట స్టేజి మీది గొంతులతో పాటు స్తంభం చాటు నుంచి ఇంకో గొంతు కలిసింది. మెర్లిన్‌కు ఆ గొంతు పుట్టినప్పటి నుంచీ తెలుసు. చేతులు ఆడిస్తూనే ఉంది. కళ్లు మాత్రం మసకబారాయి. సైమన్ పాడుతూ పాడుతూ కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చి, స్టేజి మెట్లెక్కి, టెనర్ వరసలో నిలబడ్డాడు.

కచేరీ అయ్యాక నలుగురూ మండపం వెనక, వంటగిన్నెలు కడిగే చోట ఎదురుబొదురుగా నిలబడ్డారు.

"నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు," అన్నాడు సైమన్. "అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మనుషుల్ని కలపాలని బృందం పెట్టినోణ్ని. నా ఇంట్లోనే విడదీస్తే ఇంక స్టేజి ఎక్కే మొహం ఉండదు. సాక్షి సంతకం నేను పెడతాను."

"నా మనసూ అంతే అన్నా," అంది సరోజమ్మ. మెర్లిన్‌ను దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "సన్నటి సెయ్యి. ఈ సేత్తోనా ఆ పొద్దు అంత పెద్ద స్పీకరు ఎత్తినావు? బొట్టు సంగతి నీ ఇష్టం. మా ఇంట్లో తెల్లారుజామున ప్రాక్టీసులు మాత్రం పెట్టొద్దు తల్లీ. వాడి ఒక్కడి గొంతుకే పక్కింటోళ్లు కొట్లాటకొస్తాండారు."

పెద్దవాళ్లు బృందం వచ్చిన వ్యాన్ వైపు నడిచారు. గంగులమ్మ వాళ్ల మధ్యకు చేరి, పెండ్లికి ఏం వండాలో అప్పుడే మొదలుపెట్టింది.

ముద్దుకృష్ణ, మెర్లిన్ వెనక పడ్డారు.

"మెర్లిన్, నాలుగొందల మందికి చెప్పినావు గదా ఆ మాట," అన్నాడు అతను.

"అయితే?"

"నా ఒక్కడికి ఎప్పుడు చెప్తావు?"

ఆమె ఆగింది. చుట్టూ చూసింది. అతని చొక్కా కాలరు పట్టుకుని కిందికి వంచి, చెవి దగ్గర చెప్పింది. ఈసారి గొంతు వణకలేదు.

వ్యాన్ దగ్గర నుంచి ప్రకాష్ బాబు "రైట్ రైట్!" అని అరుస్తున్నాడు. ఇద్దరికీ వినిపించింది. ఇద్దరూ కదలలేదు.